మినహాయింపు

"ఇంట్లో మీరు కాకుండా ఇంకెవరైనా ఉంటున్నారా అమ్మా?" అని అడిగాడు ఇంటి పన్ను గుమస్తా, ఫారం మీంచి తలెత్తకుండానే.

ఏటా అడిగే ప్రశ్నే. మాజీ సైనికుడి ఇంటికి పన్ను ఉండదు. ఆయన పోయాక భార్యకీ ఉండదు, మళ్ళీ పెళ్ళి చేసుకోకుండా ఆ ఇంట్లోనే ఉంటే. అది స్వయంగా చూసి రాసుకోవడానికి మనిషి వస్తాడు. "నేనూ, మా అత్తయ్యా" అంటే సరిపోయేది. కానీ ఆమె చూపు వీధి తలుపుకి ఎదురుగా గోడకి ఆనించి ఉన్న కుర్చీ మీదికి పోయింది. భర్త పోయి రెండేళ్ళైనా అందులో ఎవరూ కూర్చోరు. దాని ముందు నుంచి వెళ్ళాలంటే ఇప్పటికీ ఆమె ముందుగా ఒకసారి దగ్గుతుంది, చెప్పకుండా ఎదురుపడితే ఆయన ఉలిక్కిపడతాడని.

"ఇంకెవరున్నారయ్యా, మేమిద్దరమే" అంది అత్తగారు మంచం మీంచి.

"సరే, ఇక్కడ సంతకం పెట్టండమ్మా."

'ఈ ఇల్లు నా భర్త స్వార్జితం. నాకు వేరే ఆధారం లేదు.' కింద చుక్కల గీత. కిందటేడు చదవకుండానే పెట్టేసింది.

ఈ గోడలు లేచింది ఆమె కుట్టిన బడి యూనిఫారాల మీద. ఆయన సరిహద్దులో ఉన్న పదకొండేళ్ళూ ఆమె పగలంతా మిషను తొక్కింది, సాయంత్రాలు గోడలకి నీళ్ళు కొట్టింది. ఆయన చెవుల నిండా ఏవో మోతలు నింపుకుని తిరిగొచ్చాక, "వాడి పేర రాయించెయ్యవే, పన్ను తప్పుతుంది. సంతకమేగా" అంది అత్తగారు. "కాగితం మీదేగా, ఇల్లెక్కడికి పోతుంది?" అన్నాడాయన. నిజమే, ఇల్లెక్కడికీ పోలేదు. మన ఇల్లు కాస్తా 'నా ఇల్లు' అయింది. "నా ఇంట్లో ఆ టకటకలు వద్దు" అన్నాడు, మిషను అమ్మేసింది. గిన్నె చప్పుడవకుండా దించడం, నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకోవడం నేర్చుకుంది. అయినా ఒక మధ్యాహ్నం చేతిలోంచి పళ్ళెం జారింది. మరుక్షణం ఆమె నేల మీద ఉంది, ఆయన చేతులు ఆమె గొంతు మీద. ఆయన చూస్తున్న శత్రువెవరో ఆమెకి తెలీదు. వదిలాక చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఓదార్చిందీ ఆమే. మెడ మీద కమిలిన మరకలు చూసి అత్తగారు అడిగితే, గుమ్మం తగిలిందంది. "చూసుకుని నడవాలే" అంది ఆవిడ.

ఆమె కలం కింద పెట్టేసింది. "ఇది అబద్ధం. నేను పెట్టను."

"అందరూ పెట్టేదేనమ్మా. పెట్టకపోతే మినహాయింపు పోతుంది."

"పెట్టవే, సంతకమేగా" అంది అత్తగారు.

"అప్పుడూ ఇదే అన్నారు అత్తయ్యా." ఆమె గుమస్తా వైపు తిరిగింది. "పన్ను కడతాను. ఇల్లు నా పేరుకి మార్చుకోవాలంటే ఏం చెయ్యాలి?"

గుమస్తా ఇబ్బందిగా కదిలాడు. "ఆయన తల్లి ఉన్నారుగా. ఆవిడకీ హక్కుంటుంది. నాకేం అభ్యంతరం లేదని ఆవిడ రాసివ్వాలి."

అత్తగారు ముసలి వేళ్ళతో దుప్పటి అంచు నలుపుతూ కూర్చుంది.

"గుమ్మం తగల్లేదని నాకు తెలుసే" అంది చివరికి. "ఆవేళ నేను తలుపవతలే ఉన్నాను."

"ఎంతసేపు?" అంది ఆమె.

"నీ గొంతు వినబడకుండా పోయేదాకా." ఆవిడ కోడలి వైపు చూడలేకపోయింది. "లోపలికొస్తే వాణ్ణి ఆ పనిలో చూడాలి. నా కొడుకే కదే."

గుమస్తా తన కాగితాలనే చూసుకుంటున్నాడు. ఆమె మాత్రం అత్తగారి ముఖంలోకి చాలాసేపు చూసింది. ఫర్వాలేదని అనలేదు. గుమస్తా దగ్గర ఒక తెల్లకాగితం అడిగి తీసుకుని ఆవిడ ఒళ్ళో పెట్టింది, కలం చేతికిచ్చింది, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించింది.