గంగమ్మ పాటలో పదకొండు చరణాలు

మాట్లాడే మనిషి లేక తారకేశ్వరరావు కంప్యూటరు కొనుక్కున్నాడని టెక్కలి కాలేజీలో తోటి లెక్చరర్లు ఎగతాళి చేసేవారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, అందులో అబద్ధమేం లేదు. ఆయనకి యాభై దాటాయి. పెళ్ళి ఊసు ఎప్పుడో చల్లారిపోయింది. అద్దెగదిలో ఉండేది ఆయనా, ఆ పెట్టే, సంతబొమ్మాళి అవతల ఒక చేపల పల్లెలో రికార్డు చేసుకొచ్చిన గంగమ్మ జాతర పాటల క్యాసెట్లూను. డాక్టరేటు ఒక్కటొస్తే ఇన్నాళ్ళ ఒంటరి బతుక్కీ ఒక అర్థముంటుందని ఆయన ఆశ.

ఆరుగురు ముసలమ్మలు కలిసి పాడిన పాటని నాలుగేళ్ళు కూర్చుని మాట మాటా టైపు చేశాడు. ఏ మాట ఎన్నిసార్లొచ్చింది, దాని పక్కన ఏ మాటొచ్చింది అని లెక్కగట్టే ప్రోగ్రాము పెట్టాడు. ఒక కాలంలో పుట్టిన చరణాలు ఒకచోట చేరతాయి, తర్వాత అతికినవి విడిపోతాయి. ఆ పల్లెలో అమ్మవారి కొలువు ఎప్పుడెలా మారిందో దాంతో తేల్చవచ్చు.

2004 వేసవిలో తేలింది. పాటంతా ఒక గుంపుగా చేరింది. పదకొండు చరణాలు మాత్రం ఎవరికీ కానట్టు దూరంగా ఉండిపోయాయి. మిగతా పాటలో గంగమ్మ పడవలు కాస్తుంది, గాలిని తిడుతుంది, మేకపోతుని అడుగుతుంది. ఈ పదకొండింటిలో మాత్రం అన్నం మీద మూతపెట్టి, తడిక తీసి ఉంచి, ఒడ్డున కూర్చుని ఎవరికోసమో ఎదురుచూస్తుంది. దేవత చేసే పనేనా ఇది?

క్యాసెట్లన్నీ మళ్ళీ విన్నాడు. ప్రతిసారీ ఆ చోట పాట ఎత్తుకునేది ఆ ఆరుగురిలో ఒకామె, సూరమ్మే. ఎవరు చేర్చారో, ఎప్పుడు చేర్చారో పేరుతో సహా రాయి, డిగ్రీ నీదే అని విశాఖపట్నం నుంచి గైడు ఫోన్లో సంబరపడిపోయాడు.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కి పల్లెకి వెళ్ళాడు. సూరమ్మ వాకిట్లో చేపలు ఎండబెడుతోంది. కంప్యూటరు చెప్పిందంతా విడమరిచి చెప్పాడు. ఆమె చేతులు ఆగిపోయాయి. చేపల బుట్ట పక్కకి నెట్టి, జరిగింది చెప్పుకొచ్చింది.

ఇరవై రెండేళ్ళ కిందట ఆమె మొగుడు ఎల్లాజీ సముద్రం మీద వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. ఆ పల్లెలో ఒక కట్టుబాటు ఉంది. శవం ఒడ్డుకి రానిదే ఆ ఇంట్లో ఏడవకూడదు. ఏడిస్తే మనిషిని చేజేతులా గంగమ్మకి ఇచ్చేసినట్టే లెక్క. ఏడ్చినట్టు తెలిసిందా, ఊరి పెద్దలు ఆ పూటే గాజులు తీయించేస్తారు. అందుకే సూరమ్మ ఏడవలేదు. మరుసటేడు జాతరలో తన ఏడుపు తీసుకెళ్ళి అమ్మవారి నోట్లో పెట్టింది.

"గంగమ్మ తల్లి ఏడిత్తే ఎవులు కాదంతారు బాబూ?" అంది.

తారకేశ్వరరావు మనసు చివుక్కుమంది. పేరు రాస్తే ఎల్లాజీ అచ్చులో చచ్చిపోతాడు, ఈమె చేతులు బోసిపోతాయి. రాయకపోతే తన నాలుగేళ్ళ చాకిరీ మట్టిగొట్టుకుపోతుంది. గైడు మీద కోపమొచ్చింది, కంప్యూటరు మీద కోపమొచ్చింది, చివరికి తన మీదే వచ్చింది.

"నీ పేరు రాయనులే అమ్మా," అన్నాడు.

బతికించావు బాబూ అంటుందనుకున్నాడు. ఆమె ఆ మాటే విననట్టు మళ్ళీ చేపలు తిరగేయసాగింది.

"పక్కన కూకుని పాడినోళ్ళకి ఒక్కదానికీ తెల్నేదు. నీ మిషనుకి తెలిసినాది," అంది. మళ్ళీ, "ఆ ముక్క ఓపాలి సదువు బాబూ. పాడ్డమే గానీ నానెప్పుడూ ఇన్నేదు," అని అడిగింది.

కాగితం తీసి, క్లాసులో పాఠం చదివినట్టే చదివాడు. సూరమ్మ కళ్ళు పొడిగానే ఉన్నాయి. అన్నం మీద మూతపెట్టిన చరణం దగ్గరికొచ్చేసరికి ఆయన చదవడం ఆగిపోయింది. తన కోసం ఏనాడూ ఎవరూ అలా మూతపెట్టి ఉంచలేదు. కళ్ళు నిండిపోయి అక్షరాలు అలుక్కుపోయాయి.

సూరమ్మ గాభరాగా లేచొచ్చి, గాజుల చెయ్యి ఆయన నోటికి అడ్డం పెట్టింది.

"ఏడవకు బాబూ," అంది. "ఈ ఇంట్లో ఏడవకూడదు."