జెముడు రసంలో మాత్ర

పెరట్లో ఎపిఫానియో మొహం కడుక్కునే చప్పుడు ఆగేలోపు మాత్ర పొడి అయిపోవాలి. హసింతా దాన్ని రెండు చెంచాల మధ్య పెట్టి నొక్కేది. అది చిట్లిన చిన్న చప్పుడు కూడా ఊరంతా విన్నట్టే ఉండేది ఆమెకి. పొడిని గ్లాసులో రాల్చి, మీద జెముడు రసం పోసి, గిరగిరా తిప్పేది. నొపాల్ అనే ఆ జెముడు లేతాకులు, రెండు అనాస ముక్కలు, కాస్త నారింజ రసం వేసి మిక్సీ పట్టిన ఆ పచ్చటి జిగురులో ఏది కలిసినా కనపడదు. కనపడదని తెలిసి కూడా గ్లాసుని కిటికీ వెలుతురుకి ఎత్తి చూసుకునేది.

"ఏమే ముసల్దానా, నా అమృతం తయారా?" అంటూ వచ్చేవాడు ఎపిఫానియో. గటగటా తాగి, మీసానికి అంటిన పచ్చ నురగ తుడుచుకుని, "చూశావా, మందు లేదు, మాకు లేదు. ముళ్ళ చెట్టే నా డాక్టరు" అనేవాడు.

"చూశాను, చూశాను. కత్తి తీసుకుని పద" అనేది హసింతా. మొగుడి మొహంలోకి మాత్రం చూసేది కాదు.

మిల్పా ఆల్తా అనే ఊరి కొండ వాలు మీద వాళ్ళది జెముడు తోట. ఏడాది కిందట ఆకుల లోడుతో వస్తుంటే వాళ్ళ ట్రక్కు లోయ అంచున బోల్తా పడింది. ఎపిఫానియో ఒంటి మీద గీత కూడా పడలేదు. కానీ ఆ దడుపే చక్కెరగా మారి నెత్తుట్లోకి దిగిందని ఊరంతా తేల్చింది. ఆ కొండల్లో షుగరు తీపి తింటే రాదు, దడుచుకుంటే వస్తుంది. హసింతా కూడా అలాగే నమ్మింది.

ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చింది. జెముడాకు తినడం మంచిదేనని కూడా చెప్పింది. అందులో పీచుంది, జిగురుంది, తిన్న తిండిలోని తీపిని ఒక్కసారిగా నెత్తుట్లోకి పోనివ్వదు అంది. మాత్రకి బదులుగా తినమని మాత్రం ఆవిడ అనలేదు. ఎపిఫానియో మొదటి సగం విని రెండో సగం గుమ్మంలోనే వదిలేశాడు.

"మాత్రతో మొదలవుతుంది, సూదితో తెల్లారుతుంది. మా అమ్మని చూడలేదూ?" అన్నాడు ఇంటికొచ్చాక.

చూసింది. అత్తగారికి ఇన్సులిన్ సూది మొదలుపెట్టిన కొన్నాళ్ళకే చూపు పోయింది. రోగం ముదరబెట్టుకుని ఆలస్యంగా వచ్చారని డాక్టర్లు అన్నారు, సూదే కళ్ళు తినేసిందని ఇంట్లోవాళ్ళు అన్నారు. ఎపిఫానియో ఇంట్లోవాళ్ళ మాటే పట్టుకున్నాడు. కానీ గుడ్డిదైన ఆ ముసలమ్మని చెయ్యి పట్టుకుని పెరట్లోకి నడిపించింది మాత్రం హసింతాయే. ఇప్పుడు మొగుడి కాలి బొటనవేలి మీద ఒక పుండు లేచి మానకపోతుంటే ఆమెకి అన్నం సహించలేదు. ఇంకో చెయ్యి కూడా పట్టుకుని నడిపించాల్సి వస్తుందేమోనని పగలంతా అదే ధ్యాస.

అందుకే అక్క ఎల్విరా దగ్గరికి వెళ్ళింది. ఎల్విరాకి ఎన్నో ఏళ్ళుగా షుగరు, ఇంట్లో ఎప్పుడూ మాత్రలుంటాయి.

"ఇస్తాను గానీ, తిండి పెట్టి ఇవ్వవే. ఖాళీ కడుపున వద్దు" అంది ఎల్విరా. ఆమె ఆప్రాను జేబులో ఎప్పుడూ తీపి బిళ్ళలు ఉంటాయి.

"నీకు షుగరు కదా, ఆ బిళ్ళలేంటక్కా?"

"ఒక్కోసారి మరీ పడిపోతుంది. అప్పటికి."

"పడిపోతే మంచిదేగా, పడాలనేగా ఈ తంటా" అని నవ్వి హసింతా మాత్రలు శాలువా చివర కట్టుకుంది. అక్కచెల్లెళ్ళు ఆ మాట అక్కడే వదిలేసి చుట్టాల కబుర్లలో పడ్డారు.

తిండి పెట్టి ఇవ్వడం ఎలా కుదురుతుంది? రసం పరగడుపునే తాగాలని ఎపిఫానియో నియమం. తోటలో ఆకు కోసి, ఎండెక్కాకే వాళ్ళ చద్ది. మాత్ర దాచడానికి రసం తప్ప వేరే చోటు లేదు. సరే, ఏమవుతుందిలే అనుకుంది.

మొదట్లో బాగానే ఉంది. మందుల షాపువాడు వేలు పొడిచి చూసి, షుగరు అంత తక్కువ చూపిస్తే మిషను చెడిపోయిందేమోనని ఇంకోసారి పొడిచాడట. ఇక ఎపిఫానియోని పట్టలేకపోయారు. సంతలో జెముడాకుల గుట్ట వెనక నిలబడి, హసింతా ముళ్ళు చెక్కుతుంటే, వచ్చిన ప్రతివాళ్ళకీ తన నెత్తురు కథ చెప్పేవాడు.

"నిజంగా తగ్గుతుందా బాబూ?" అని అడిగిందొక ముసలావిడ.

"నన్ను చూడమ్మా. నేను మాత్రలు మింగేవాడిలా ఉన్నానా?"

కత్తి జారి హసింతా వేలు తెగింది. ముల్లు గుచ్చుకుందని చెప్పింది.

ఆ రోజే సంతలో ఎపిఫానియోకి వణుకు వచ్చింది. చలి లేదు, జ్వరం లేదు. చొక్కా చెమటతో తడిసి ఒంటికి అంటుకుపోయింది, పెదాలు తెల్లబడ్డాయి. పక్కనే ఉన్న తమ్ముడు తోరిబియో చూసి, "దడుపు ఇంకా వదల్లేదు వదినా. రొట్టె పెట్టు, రొట్టె" అన్నాడు. దడుచుకున్నవాడికి ముందు ఒక రొట్టె తినిపించి, తర్వాతే ఏమైందని అడగడం అక్కడి ఆనవాయితీ. హసింతా పరుగున వెళ్ళి తెచ్చింది. తిన్న కాసేపటికి వణుకు కట్టేసినట్టు ఆగిపోయింది.

"చెప్పలా? ట్రక్కు దడుపే" అన్నాడు తోరిబియో.

హసింతా మనసులో లెక్క వేసుకుంది. దడుపు లోపలే ఉందంటే చక్కెర ఇంకా పుడుతూనే ఉందన్నమాట. ఒక్క మాత్ర దానికి చాలడం లేదన్నమాట. మర్నాటి నుంచి రెండు చెంచాల మధ్య రెండు మాత్రలు పెట్టింది.

వణుకు మళ్ళీ వచ్చింది. మళ్ళీ రొట్టె పెట్టారు, మళ్ళీ తగ్గింది. మొగుడు పడుకుంటే ఊపిరి ఆడుతోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసే స్థితికి వచ్చింది హసింతా. అక్కని అడుగుదామనుకుంది. అడిగితే రెండు వేస్తున్నానని చెప్పాలి. ఆ భయంతో అదీ మానేసింది.

ఆ ఉదయం తోటలో మంచు ఇంకా విడలేదు. వేసిన పేడ ఎరువు ఆవిర్లు కక్కుతోంది. అన్నదమ్ములు వరసల మధ్య ఆకు కోస్తున్నారు, హసింతా గట్టు మీద మూడు రాళ్ళు పెట్టి కాఫీ కాస్తోంది.

"తోరిబియో, నా కత్తి ఎవడు తీశాడు?" అన్నాడు ఎపిఫానియో.

కత్తి అతని చేతిలోనే ఉంది. తోరిబియో నవ్వాడు. "పెళ్ళయితే అంతే అన్నా. చేతిలో ఉన్నది కూడా కనపడదు."

ఎపిఫానియో నవ్వలేదు. తమ్ముడి మొహంలోకి తేరిపార చూసి, "ఎవరు నువ్వు?" అన్నాడు. అని, రెండడుగులు వేసి, జెముడు చెట్ల మీదకి అలాగే ఒరిగిపోయాడు.

హసింతా పరిగెత్తి వచ్చేసరికి తోరిబియో అన్నని వెల్లకిలా తిప్పుతున్నాడు. చెంప నిండా ముళ్ళు దిగి ఉన్నాయి. అన్ని ముళ్ళు దిగినా మనిషి మూలగలేదు, చెయ్యి కదల్చలేదు. హసింతా పక్కన కూర్చుని అతని భుజం పట్టి కుదిపింది.

"షుగరు తలకెక్కింది వదినా. అన్న చెప్పే మందే పోద్దాం" అంటూ తోరిబియో ఒక లేతాకు చెక్కి, రెండు చేతులా పిండి, ఆ జిగురు అన్న నోట్లోకి వంచబోయాడు.

హసింతా చూపు కింద పడ్డ టోపీ మీద పడింది. వెల్లకిలా పడిన టోపీ లోపలి పట్టీ కింద ఒక మాత్రల అట్ట దూర్చి ఉంది. సగం ఖాళీ. అదే వెండి రంగు, అదే నీలం గీత. అలాంటి అట్టే ఇంట్లో మొక్కజొన్న పిండి డబ్బా అడుగున ఆమె దాచుకుంది.

ఈయన కూడా మింగుతున్నాడు. నాకు తెలియకుండా ఈయన, ఈయనకి తెలియకుండా నేను.

ఎల్విరా జేబులోని తీపి బిళ్ళలు అప్పుడు గుర్తొచ్చాయి. సంతలో వణుకు గుర్తొచ్చింది. వణుకుని ఆపింది రొట్టె. దడుపుకి రొట్టె అనుకున్నారు గానీ, నెత్తురే ఆకలితో వణికిందేమో. ఏమో, అంతే. రూఢిగా చెప్పేవాళ్ళు ఆ కొండ మీద ఎవరూ లేరు. చక్కెర పెరిగి పడిపోయి ఉంటే తీపి విషమవుతుంది. తగ్గి పడిపోయి ఉంటే తోరిబియో పిండుతున్న ఆకు దండగే, పైగా తెలివి లేని గొంతులో పోస్తే ఊపిరికే అడ్డం పడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మధ్యలో మొగుడి మొహం సున్నంలా తెల్లబడుతోంది.

తోరిబియో చేతి మీద ఒక్క దెబ్బ వేసింది. ఆకు దూరంగా పడింది. కాఫీలోకి తెచ్చుకున్న బెల్లం ముక్క కొరికి, నమిలి, వేలితో మొగుడి చెంప లోపల, చిగుళ్ళ మీద రుద్దడం మొదలుపెట్టింది.

"మతి పోయిందా వదినా? షుగరు మనిషికి బెల్లమా?"

"పెరగలేదు. పడిపోయింది."

"నీకెట్లా తెలుసు?"

"నేనే పడేశాను." హసింతా చెయ్యి ఆపలేదు. "రోజూ రసంలో మాత్రలు కలిపింది నేనే. ఆయన కూడా దొంగచాటుగా మింగుతున్నాడు. అదుగో, టోపీలో చూడు."

తోరిబియో టోపీ వైపు చూశాడు, తర్వాత వదిన వైపు చూశాడు. తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేశాడు. "మా అన్నకి ఏమన్నా అయిందంటే నిన్ను వదలను" అన్నాడు మెల్లగా.

"వదలకు. ముందు ట్రక్కు తీసుకురా."

అతను పరిగెత్తాడు. ఆమె ఇంకో ముక్క నమిలింది. రుద్దుతూనే ఉంది. చంపుతున్నానో బతికిస్తున్నానో తెలియని అలాంటి భయం పగవాళ్ళకి కూడా వద్దు. దేవుళ్ళందరినీ పిలిచింది, గుడ్డి అత్తగారిని కూడా పిలిచింది. ట్రక్కు చప్పుడు గట్టు దగ్గరికి వస్తుండగా ఎపిఫానియో గుటక వేశాడు. కనురెప్పలు అదిరాయి. చెయ్యి మెల్లగా చెంప మీదికి వెళ్ళింది.

"ముళ్ళు" అన్నాడు. "మండుతోందే."

హసింతా అప్పుడు ఏడ్చింది.

ఆరోగ్య కేంద్రంలో గ్లూకోజు ఎక్కించారు. ఆ మాత్రలు ఒంట్లో చాలాసేపు ఉంటాయని, మళ్ళీ పడిపోవచ్చని మర్నాటి దాకా ఉంచేశారు. డాక్టరమ్మ ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి ఎవరు ఎప్పుడు ఎన్ని వేశారో అడిగింది. భార్యాభర్తలు డాక్టరమ్మకే జవాబు చెప్పారు, ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆవిడ వెళ్ళాక ఎపిఫానియో నోరు విప్పాడు.

"సంతలో చిల్లర సరిగ్గా కనపడటం లేదు. అమ్మ గుర్తొచ్చింది. భయమేసి, వేరే ఊరు పోయి మాత్రలు తెచ్చుకున్నా."

"నాకు చెప్పకూడదూ?"

"ఏ మొహం పెట్టుకుని చెప్పేది? ఊరంతా నా నెత్తురు చూసి ఆకు కొంటున్నారు." అప్పుడు ఆమె వైపు చూశాడు. "నువ్వు చెప్పకూడదూ?"

అతని చెంపలో ఇంకా మిగిలిన ముల్లు ఒకటి కనపడితే హసింతా గోళ్ళతో పట్టి తీసింది. అతను మొహం తిప్పుకోలేదు, అంతవరకు నయం.

ఆ తర్వాత సంతలో ఎవరన్నా అడిగితే, "జెముడు మంచిదేనమ్మా, తిను. మాత్రలు మాత్రం డాక్టరమ్మని అడిగి వేసుకో. నేనూ వేసుకుంటున్నా" అనడం మొదలుపెట్టాడు. అలా చెప్పినప్పుడు గొంతు కాస్త తగ్గేది. కొందరు నవ్వారు, కొందరు వేరే గుట్ట దగ్గరికి వెళ్ళిపోయారు. పుండు మెల్లగా ఎండుతోంది.

ఆరోగ్య కేంద్రం నుంచి ఇంటికొచ్చిన మొదటి ఉదయం ఎపిఫానియో మాత్రల అట్ట తెచ్చి బల్ల మీద అందరికీ కనపడేలా పెట్టాడు. డాక్టరమ్మ చెప్పినట్టు ముందు చిక్కుడు గింజల కూరతో రొట్టెలు తిన్నాడు. హసింతా రసం తెచ్చి ముందు పెట్టింది. అతను గ్లాసు ఎత్తాడు. పెదాల దాకా తీసుకెళ్ళి ఆగాడు. గ్లాసుని కిటికీ వెలుతురుకి ఎత్తి చూశాడు. ఆమె రోజూ చూసినట్టే.

"ఏం లేదయ్యా" అంది హసింతా.

"ఉందని నేనన్నానా?" గ్లాసు ఆమె వైపు జరిపాడు. అతని మాటలో కోపం లేదు, దానికే ఆమెకి ఎక్కువ భయం వేసింది. "ముందు నువ్వో గుక్క తాగు, ముసల్దానా."

ఆమె తాగింది. అప్పుడు అతను మిగతాది తాగి మీసం తుడుచుకున్నాడు. ఇప్పటికీ ఆ ఇంట్లో రసం గ్లాసు ఒకటే. మొదటి గుక్క హసింతాది.