మీసాల తలకాయ

వారానికి ఒక్క శుక్రవారం సెలవు. ఆ ఒక్కరోజూ లేపి బస్సెక్కించారని నాకు ఒళ్ళు మండింది. కానీ ఈ డ్యూటీకి పేరిచ్చింది నేనే. ఎవరిని తిట్టను? పుష్పను చూడటానికి నాకు దొరికిన దారి ఇదొక్కటే.

పుష్ప నా భార్య. దోహాలోనే, అల్ హిలాల్ అనే పేటలో ఒక విల్లాలో పిల్లలను చూసుకుంటుంది. మా లేబర్ క్యాంప్ నుంచి అక్కడికి అరగంట. అయినా ఏడు నెలలుగా మా కాపురం ఫోన్లోనే. వాళ్ళ మేడమ్ ఆమెను ఒంటరిగా బయటికి పంపదు, నన్ను గేటు లోపలికి రానివ్వదు. పెళ్ళయి ఆరేళ్ళయింది. ఒకే ఇంటి కప్పు కింద ఉన్నది పద్నాలుగు నెలలు.

వచ్చే నెల ఇద్దరి కాంట్రాక్టులూ అయిపోతాయి. సంతకం పెడితే ఇంకో రెండేళ్ళు. ఇంటికి పోదామని ఆమె, ఇంకొక్కసారి అని నేను. ఊళ్ళో మొదలుపెట్టిన ఇల్లు గోడల దగ్గరే ఆగింది, దాన్ని సాకుగా చెప్పేవాణ్ణి. నిజానికి నాకూ ఓపిక అయిపోయింది. ఆ మాట నోటితో చెప్పడానికి సిగ్గు.

"ఫోన్ల ఎన్నిసార్లు అడిగినా మాట తప్పిస్తున్నవ్. ఈసారి ఎదురుంగ నిలబడి అడుగుత" అంది పుష్ప పోయిన వారం.

ఆ ఎదురుపడటం కార్నివాల్ వల్ల కుదిరింది. స్పెయిన్‌లో సముద్రం ఒడ్డున ఏదో ఊరుందట, పేరు నాకు నోరు తిరగదు. ఆ ఊరి పండుగను దోహా సముద్రం ఒడ్డుకు తెచ్చారు. డప్పులూ పాటలూ ఆ ఊరివాళ్ళవే. తొడుక్కుంటే మనిషి నడుము దాకా వచ్చే పెద్ద పెద్ద అట్ట తలకాయలు కూడా వాళ్ళవే. వాటిని మోసే మెడలు మాత్రం మావి. తలకాయ నోట్లోంచి బయటికి చూస్తూ నడవాలి. నేర్పడానికి వచ్చినామె మూడే ముక్కలు చెప్పింది. మాట్లాడకూడదు, తలకాయ తీయకూడదు, ఎవరు ఎదురుగా నిలబడినా మూడుసార్లు తల ఊపాలి.

మేడమ్ పిల్లలను తీసుకొస్తుందని తెలిసి, గురువారమే పుష్పకు చెప్పాను. "మీసాలు, ఎర్రటోపి ఉన్న తలకాయ నేనే."

తీరా బయల్దేరేముందు మా సూపర్‌వైజర్ లియాఖత్ అలీ వచ్చి, ముసలమ్మ తలకాయ మోస్తున్న జగిత్యాల ఆంజిని చూశాడు. అది అన్నిటికన్నా బరువు. రాత్రంతా సైటు డ్యూటీ చేసొచ్చిన ఆంజి నిలబడలేక ఊగుతున్నాడు.

"నగేష్, నువ్వు ముసలమ్మను ఎత్తుకో. మీసాలది వీనికియ్యి" అన్నాడు లియాఖత్.

"సార్, నాకు అదే కావాలె."

"అరే, పెళ్ళికి పోతున్నవా మీసాలు కావాల్నంటె? యల్లా, యల్లా, నడువు."

ఫోన్లన్నీ అప్పటికే సంచిలో వేసి తీసుకెళ్ళారు. పుష్పకు చెప్పే దారి లేదు.

నాలుగింటికి డప్పులు మొదలయ్యాయి. లోపల జిగురు వాసన, చెమట. మెడ విరిగిపోతుందేమో అనిపించింది. జనం నవ్వుతున్నారు, ఎగురుతున్నారు. నాకు వాళ్ళ మీద అనవసరంగా కోపమొచ్చింది. అప్పుడు కనిపించింది పుష్ప. చిక్కిపోయింది. ఒక చేత్తో చిన్నపిల్లను పట్టుకొని, నాకు పదడుగుల ముందున్న మీసాల తలకాయ ఎదుట నిలబడింది.

ఏదో చెబుతోంది. చున్నీతో కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ ఏదో అడిగింది. నేను లైను దాటి ముందుకు పోబోతే లియాఖత్ నా భుజం పట్టి వెనక్కి లాగాడు. పుష్పా అని పిలిచాను కూడా. డప్పుల్లో నాకే వినపడలేదు.

మీసాల తలకాయ కాసేపు కదల్లేదు. తర్వాత ఊగింది. మూడుసార్లు. పుష్ప నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నేళ్ళయిందో నాకు గుర్తులేదు.

తిరిగి వెళ్తూ నా పక్కనే ఆగింది. పిల్ల నా చెవికమ్మ పట్టుకొని గుంజింది. పుష్ప ముసలమ్మ ముఖంలోకి ఊరికే చూసి నవ్వింది. నేనూ మూడుసార్లు తల ఊపాను. ఆమె పిల్లనెత్తుకొని వెళ్ళిపోయింది.

బస్సులో ఆంజి నా పక్కన కూర్చున్నాడు, నా ముఖం చూడటం లేదు.

"అన్నా, వదిన నన్నే నువ్వు అనుకున్నది."

"ఏమడిగింది?"

"ఇంటికి పోదామా, అవునంటె తల ఊపు అన్నది. నేను ఊపకుండ నిలబడ్డ అన్నా. ఎనుకకెల్లి లియాఖత్ సాబ్ ఒర్రుతుండు. ఊపిన. తప్పైంది."

సంచిలోంచి తిరిగిచ్చిన ఫోన్ చేతిలో ఉంది. అప్పుడే మోగింది.

"ఇగ మాట మార్చవు గదా?" అంది పుష్ప. గొంతులో ఇంకా ఆ నవ్వుంది.

ఆంజి కిటికీ వైపు తిరిగాడు.

"మార్చ" అన్నాను.

"ఒక్కసారి ఊపితె సాలదా? మూడుసార్లు ఎందుకు ఊపినవ్?"

"ఒక్కసారికి నువ్వు నమ్మవని" అన్నాను.