యోహాను ఇంటి వైపు తిప్పిన మైకు బూర

నేను ఒక మైకు బూరను. నన్ను ఏ ఊళ్ళో చేశారో గుర్తు లేదు, నోరు తెరిచాక జరిగినవే గుర్తు. మొదట రేపల్లెలో ఒక టెంట్ హౌసువాళ్ళ దగ్గర ఉండేదాన్ని. పెళ్ళిళ్ళలో అరిచాను. ఎన్నికలప్పుడు ఒకే వారంలో రెండు పార్టీలనూ గెలిపిస్తానని మాట ఇచ్చాను. జీపు మీద నుంచి పడి అంచు సొట్టపోయాక నన్ను కొత్తలంక చర్చికి ఇచ్చేశారు. అప్పటి నుంచీ గుడి కప్పు మీదే నా కాపురం. ఊరు కంటికి కనిపించేది. గుడి లోపలి సంగతులు మాత్రం తీగ వెంట వినాల్సిందే.

పాస్టరు జ్ఞానరత్నం గారిని ఊళ్ళో అందరూ అయ్యగారంటారు. ప్రసంగం బాగా చెబుతారు. ఆ సంగతి అందరికంటే ముందు ఆయనకే తెలుసు, అదే ఆయనతో చిక్కు. ఒక క్రిస్మస్‌కి తాపీమేస్త్రి యోహాను పాట పాడితే జనం ఇంకోటి పాడమన్నారు. ప్రసంగం ఆలస్యమవుతోందని అయ్యగారికి ఒళ్ళు మండింది. "దేవుడి కోసం వచ్చావా, చప్పట్ల కోసం వచ్చావా? చాలు, దిగు" అన్నారు మైకులోనే. ఆ మాట ఊరంతా మోసింది నేనే.

యోహాను ఆ తరవాత గుడికి రాలేదు. ఇంట్లోనూ పాడలేదు. మనవణ్ణి ఉయ్యాలలో వేసిన రోజున అందరూ బతిమాలినా గొంతు విప్పలేదు. నాకు ఆ మనిషి మీద జాలేసింది. అయ్యగారికి మాత్రం పంతం పెరిగింది. నిచ్చెన వేయించి నా మూతిని సరిగ్గా యోహాను ఇంటి వైపు తిప్పించారు. రాకపోతే పోయాడు, వినకుండా ఎక్కడికి పోతాడని ఆయన లెక్క.

మా గుడిలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది, ప్రభువు పేరున అందరికీ రొట్టె పంచుతారు. ఎవరితోనైనా మాటలు లేనివాళ్ళు ఆ రొట్టె ముట్టరు. అయ్యగారు మూడేళ్ళుగా ఏ సంకోచమూ లేకుండా పంచుతున్నారు, తింటున్నారు.

ఒక మొదటి ఆదివారం ఆయన సమాధానపడడం గురించి ప్రసంగించారు. బోరింగు దగ్గర పోట్లాడుకుని మొహాలు చూసుకోని ఇద్దరు తోడికోడళ్ళ కోసం తయారుచేసుకున్నది అది. తప్పు ఎవరిదని అడగకు, ముందు నువ్వు లేచి వెళ్ళు అన్నారు. అంత బాగా ఆయన ఎప్పుడూ చెప్పలేదు. నా సొట్ట అంచు కూడా ఆ రోజు గరగరమనలేదు.

వాకిట్లో నులక మంచం అల్లుతున్న యోహాను చెయ్యి ఆగింది. తరవాత నులక ఉండ కింద పెట్టి, చొక్కా తొడుక్కుని, గుడి వైపు నడిచాడు.

తోడికోడళ్ళు కదిలారో లేదో తెలియదు. తీగలో యోహాను గొంతు వినిపించింది.

"అయ్యగారూ, తవరు లేచెళ్ళమన్నారు గదా, వచ్చాను. మూడేళ్ళుగా తమ మీద కోపం పెట్టుకునున్నాను. నన్ను మన్నించండి."

ఆ తరవాత అరచేత్తో మైకు మూసేసిన చప్పుడు. లోపల ఏమన్నారో, ఎవరు ఎవరి చేతులు పట్టుకున్నారో నాకు ఈ రోజుకీ తెలియదు. చెయ్యి తీశాక ముందు అయ్యగారు ముక్కు చీదడం వినపడింది.

"తప్పు నాది యోహానూ," అన్నారు ఊరంతా వినేలా. "ఆ రోజు ఆపిన పాట పాడు."

మొదటి చరణం జీరపోయింది. రెండోదానికి గొంతు దారిలో పడింది. యోహాను భార్య మనవణ్ణి చంకనెత్తుకుని వాకిట్లోకి వచ్చి, నా వైపు చూస్తూ నిలబడిపోయింది. నాకు సంతోషమేసింది.

అయ్యగారు పూర్తిగా మారిపోయారని చెప్పను. మరుసటి వారమే ఆలస్యంగా వచ్చినవాళ్ళను నిలబెట్టి తిట్టారు. పాట మాత్రం ఎప్పుడూ ఆపలేదు.

ఈమధ్య కొత్త సౌండు బాక్సులు వచ్చి, నన్ను దించి బెంచీల వెనక పడేశారు. బాక్సు బిగించేవాడు ఎటు తిప్పమంటారని అడిగితే అయ్యగారి జవాబు అక్కడి నుంచే విన్నాను.

"ఎటైనా పెట్టు బాబూ. యోహాను లోపలే ఉన్నాడుగా."