లండన్ నుంచి టోక్యోకు బీడీ దారం

భీంరావు సారు కోపమంటే బాన్సువాడలో మా బడి గోడలకు కూడా తెలుసు. ఆ భీంరావును నేనే. ఇరవై ఆరేళ్లుగా సాంఘికశాస్త్రం చెబుతున్నాను; ఎవరైనా ఎదురు మాట్లాడితే ఒళ్లు మండిపోతుంది.

ఆ రోజు పదో తరగతిలో, లండన్ నుంచి టోక్యోకు విమానం ఎంత దూరం పోవాలో గోడ పటం మీద స్కేలు పెట్టి కొలిచి చూపించాను. పదిహేను వేల కిలోమీటర్లకు పైనే అని బోర్డు మీద రాశాను. సంజన లేచి నిలబడింది.

"తొమ్మిదిన్నర వేలే అయితది సార్. గ్లోబు మీద దారం గుంజి కొలిచిన."

ఆమె చేతిలో సన్నటి దారం ఉంది. తల్లి గంగవ్వ బీడీలు చుట్టి ఆమెను చదివిస్తోందని అందరికీ తెలుసు.

"బీడీలు చుట్టే దారంతోని విమానాలు కొలుస్తవా? పో, మీ అమ్మకియ్యి!" అన్నాను.

తరగతంతా గొల్లున నవ్వింది. అంతటితో ఊరుకున్నానా? జిల్లా సైన్స్ ఫెయిర్‌కు పంపే జాబితాలో ఆమె పేరు కొట్టేసి ముత్యం అనే పిల్లాడి పేరు రాశాను. మూడేళ్లుగా ఆ పిల్ల అడుగుతున్న అవకాశం అది.

ఫెయిర్ అయిపోయింది. ఆమె మాట మాత్రం నన్ను వదల్లేదు. ఒకరోజు బడి విడిచాక స్టాఫ్ రూంలో గ్లోబు ముందు పెట్టుకుని, పూలపొట్లం దారం విప్పి బిగించి పట్టాను. దారం నేను పటం మీద కొలిచిన దారిన పోనే లేదు. రష్యా మీదుగా పైకెక్కి, మంచు సముద్రం అంచు దాకా పోయి దిగింది. లెక్క కట్టాను. తొమ్మిదిన్నర వేలు. మళ్లీ కట్టినా అంతే. గుండ్రటి భూమిని చదునుగా అచ్చేస్తే ఉత్తరాన దూరాలు సాగుతాయని ఏటా పాఠం చెప్పేది నేనే! సిగ్గుతో చచ్చిపోయాను.

అటునుంచి అటే సంజన వాళ్లింటికి వెళ్లాను. గంగవ్వ బీడీల చాట పక్కన పెట్టి, కొంగుతో కుర్చీ తుడిచింది.

"మా పిల్లను మాఫ్ చేయుండ్రి సారూ. లెక్క తప్పు చేసి మీకు ఎదురు చెప్పిందట గద. నేను గూడ రెండు దెబ్బలు కొట్టిన."

ఆ కుర్చీలో కూర్చోలేకపోయాను.

"తప్పు నాది గంగవ్వా. నీ బిడ్డ చెప్పిందే కరెక్టు."

ఆమె గడపలో నిలబడ్డ కూతురి వైపు చూసింది. "అయ్యో, కొట్టిన గద బిడ్డా" అంది.

ఏం మాట్లాడుతున్నానో నాకే తెలియలేదు. "వచ్చే ఏడు ఫెయిర్‌కు నిన్నే పంపుతా సంజనా."

"వచ్చే ఏడు నేనాడ ఉండ సార్. నాది పది గద."

మళ్లీ తనే అడిగింది. "మా క్లాసుల అందరి ముందర చెప్తరా సార్?"

"చెప్తా."

గంగవ్వ చాటలోంచి రీలు తీసి, బారెడు దారం తెంపి నా చేతిలో పెట్టింది.

"గిది తీస్కపోండ్రి సారూ. బీడీల దారమే."