మత్తు డాక్టరుగారికి మత్తు

డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కోలో ఎవరింట్లో భోజనాలైనా శ్యామ్‌సుందర్ గారి వాదన ఒకటే. నర్సులు మత్తివ్వచ్చు గాని, పైన తనలాంటి మత్తు డాక్టరు ఉండి తీరాలి. డల్లాస్‌లో ముప్పై ఏళ్లుగా ఆయన పని అదే.

చిన్నప్పటినుంచీ ఆయన్ని అంకుల్ అని పిలిచే నైనిక మత్తిచ్చే నర్సు అయింది. మూడు గంటల దూరంలో ఒక చిన్న ఊళ్లో, పాతిక పడకల ఆసుపత్రిలో మత్తు పనంతా ఆమెదే. పైన డాక్టరంటే కాగితం మీద సర్జన్ సంతకం ఉంటుంది, అంతే.

"మా ఊళ్లో మత్తు డాక్టరే లేరు అంకుల్. నేనూ లేకపోతే కాన్పులకి ఎక్కడికెళ్తారు?"

"అది వేరే ప్రాబ్లమ్ అమ్మా," అనేవారాయన.

మార్చిలో ఒక శనివారం ఆయన ఆ ఆసుపత్రికే వచ్చారు, కడుపు పట్టుకుని. షికారుకి బయల్దేరితే దారిలో నొప్పి ఎక్కువైంది. భార్య విజయశ్రీ డ్రైవ్ చేసుకొచ్చింది. అపెండిక్స్ పగిలేలా ఉంది, డల్లాస్ దాకా ఆగొద్దన్నాడు సర్జన్.

నైనికను చూడగానే ఆయన మొహం మారింది. "నువ్వేనా?"

"నేనే అంకుల్. ఇంకెవరూ లేరు. లాస్ట్ ఎప్పుడు తిన్నారు?"

"పొద్దున టీ."

నైనిక విజయశ్రీ వైపు తిరిగింది. "ఆంటీ?"

"టీ ఏంటమ్మా! గ్యాస్ నొప్పి, తింటే సర్దుకుంటుందని ఇందాకే కార్‌లో డబ్బాడు పులిహోర లాగించారు."

పేషెంట్లు ఈ అబద్ధం ఆడితే కేకలేసే మనిషి, కళ్లు దించుకున్నారు.

నోరు తెరిపించి, మెడ వెనక్కి వంచమంది నైనిక. మెడ కదల్లేదు. నిండు కడుపు, వంగని మెడ. తిన్నది పైకొస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ట్యూబ్ వేయడమూ కష్టమే. "కెమెరా స్కోప్‌తో చూస్తూ గొంతులో ట్యూబ్ వేస్తాను. మీరేమైనా చెప్తారా?"

"భుజాల కింద దుప్పట్లు మడిచి పెట్టు. నా మెడకి అదే నయం."

"మంచిమాట. అలాగే చేస్తా."

ఆపరేషన్ బల్ల మీద కూడా ఆయన కళ్లు మానిటర్ మీదే. "ఆక్సిజన్ ఇంకో నిమిషం ఇవ్వు. సక్షన్ దగ్గర పెట్టుకో. ఆ మందు ఎంత..." మాట పూర్తికాకుండానే నిద్రపోయారు. నర్సులు నవ్వాపుకున్నారు. ట్యూబ్ మొదటిసారికే పడింది.

రెండో రోజు ఇంటికి వెళ్తూ, "ట్యూబ్ వేసినా గొంతు నొప్పే లేదు," అన్నారాయన. "రూల్ విషయంలో మాత్రం నా మాట నాదే."

"నా మాటా నాదే అంకుల్."

"సరే. మా ట్రైనీ డాక్టర్లకి వచ్చి ఈ కేసు చెప్పు."

"నేనొస్తే ఇక్కడ ఎవరుంటారు?"

"ఆ రోజుకి నేనుంటాను."

ఆయన అక్కడ ఒక్కరోజు పనిచేయడానికి పేపర్లు పూర్తవడానికే రెండు నెలలు పట్టింది. మే నెలలో ఒక గురువారం తెల్లారేసరికి ఆయన వచ్చేశారు. నైనిక మందుల బీరువాలన్నీ తెరిచి చూపిస్తుంటే బుద్ధిగా రాసుకున్నారు. "డౌట్ వస్తే ఎవర్ని పిలవాలి?" అని అడిగారు.

"ఇక్కడ ఎవరూ ఉండరు. నాకు కాల్ చేయండి."

పదకొండింటికి ఒక కాన్పు కేసు వచ్చింది. డల్లాస్‌లో పాఠం చెబుతున్న నైనిక ఫోన్ మోగింది. ఆమె ట్రైనీ డాక్టర్లకి సారీ చెప్పి, వరండాలోకి వెళ్లి, "చెప్పండి అంకుల్," అంది.