చేపల గదిలో మూడు నిమిషాలు

ఉదయం ఎనిమిదిలోపు కావలసినవి: అత్తగారి మాత్రలు వారానికి సరిపడా డబ్బాలో సర్దడం, పాప యూనిఫాం ఇస్త్రీ, భర్త కళ్ళజోడు వెతకడం, గ్యాస్‌కి ఫోన్, వాణిజ్య చర్చల వేళల పట్టిక ఆరు ప్రతులు, ఇంకా తేలని అంశాలకు పసుపు గీతలు, డైరెక్టరుగారి ప్రసంగం పెద్ద అక్షరాల్లో ఒకటి.

అన్నీ అయ్యాయి. అవుతాయని ఇంట్లోగానీ ఆఫీసులోగానీ ఎవరికీ అనుమానం లేదు. కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయి, ఆమెకు చెబితే పనవుతుంది.

మొన్న భోజనాల దగ్గర అత్తగారు అన్నారు. "పెద్దమ్మాయి పిల్లలతో వస్తోంది. పదిహేను రోజులుంటుంది. మా కోడలు సెలవు పెడుతుందిలే అని చెప్పేశాను." ఆమె గిన్నెలు తీస్తోంది, పలకలేదు. "చూశావురా, ఒక్క మాటంటే ఒట్టు. బంగారం!" అని ఆవిడే కొడుకు దగ్గర మెచ్చుకున్నారు. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆ ఇంటి నిర్ణయాలు చాలావరకు ఇలాగే, ఆమె చేతులు తడిగా ఉన్నప్పుడే జరిగిపోయాయి.

ఆ వారం పాతిక దేశాల ప్రతినిధులు ఆమె ఉన్న ఊళ్ళోనే చర్చలకు కూర్చున్నారు. పదింటికి పెద్ద హాల్లో వ్యవసాయం, అదే పదింటికి చిన్న గదిలో చేపలు. ఒక్క మనిషినే పంపగలిగిన దేశాలు ఏ గదిలో కూర్చుంటాయి, వేళ మార్చండి అని పట్టిక తయారుచేసేటప్పుడే ఆమె పైవాళ్ళకు రాసి పెట్టింది. ఎవరూ మార్చలేదు. "ఎవరో ఒకరు సర్దుకుంటారు లెండి" అన్నారు ఆమె పై అధికారి డైరెక్టరుగారు, పెద్ద హాలుకు నడుస్తూనే. "మీరు మన దేశం తరఫున చేపల గదిలో కూర్చోండి. రాసుకోండి చాలు. నోరు తెరిచారంటే నా పీక మీదకొస్తుంది."

చేపల గదిలో తగువల్లా ఒక్కటే: చిన్న పడవలవాళ్ళకు ప్రభుత్వాలిచ్చే డీజిల్ సాయం ఎన్నేళ్ళలో ఆపెయ్యాలి? నిన్నటి ముసాయిదాలో ఏడేళ్ళు. ఈ ఉదయం పంచిన కాగితంలో రెండు. ఆమె మళ్ళీ చదివింది. రెండే. ఆమె నాన్నది చిన్న పడవ. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమె. రెండేళ్ళకల్లా నాన్న ఊరి రేవులో సగం పడవలు ఒడ్డున బోర్లాపడి ఉంటాయని తెలుసుకోవడానికి మాత్రం ఆమెకు ఏ డిగ్రీ అక్కర్లేకపోయింది.

"ఈ వాక్యానికి మూడు నిమిషాలు" అన్నాడు అధ్యక్షుడు, గడియారం చూసుకుంటూ. "ఎవరూ మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే."

మాట్లాడదలచినవాళ్ళు బల్లమీద పడుకోబెట్టి ఉన్న తమ దేశం బోర్డును నిలువుగా నిలబెట్టాలి. అక్కడి పద్ధతి అది. ఆమె డైరెక్టరుగారికి ఫోన్ చేసింది. కట్ చేశారు. మళ్ళీ చేసింది. మళ్ళీ కట్ చేశారు. ఒక నిమిషం అయిపోయింది.

ఒప్పుకున్నట్టే. ఎంత తేలికైన మాట! తను నోరు విప్పని ప్రతిచోటా ఎవరో ఒకరు తన తరఫున సరే అనేశారు, తను కూడా పోనీలే అనుకుంటూ వచ్చింది, గొడవెందుకని, అలిసిపోయానని, పొయ్యిమీద ఏదో మాడుతోందని. ఇక్కడ పొయ్యి లేదు. చేతులు పొడిగానే ఉన్నాయి. ఏడేళ్ళు అడగాలన్న కాగితం తను రాసిందే, డైరెక్టరుగారి సంతకంతో ఎదురుగానే ఉంది. ఇంకెవరిని అడగాలి?

బోర్డు నిలబెట్టింది.

"మా దేశం ఈ వాక్యానికి ఒప్పుకోవడం లేదు. నిన్న ఏడు, ఇవాళ రెండు. ఈ మధ్యలో ఏ గదిలోనూ చర్చ జరగలేదు. వేళల పట్టిక నేనే తయారుచేశాను, నాకు తెలుసు."

గదిలో ఎవరో నవ్వారు. అధ్యక్షుడు నవ్వలేదు. "ఒక్కరేనా? అయితే కాగితం అడుగున చిన్న గమనిక రాసుకుని ముందుకెళదాం. ఇద్దరుంటేనే వాక్యం మళ్ళీ చర్చకొస్తుంది."

నలభై సెకన్లు మిగిలాయి. అప్పుడు ఎదురు వరుస చివరి కుర్చీలో మరో బోర్డు లేచింది. నెరిసిన జుట్టు, వదులైన కోటు. ఆ దేశం నుంచి వచ్చింది ఆవిడ ఒక్కర్తే. పెద్ద హాల్లో తన కుర్చీ ఖాళీగా వదిలేసి ఇక్కడికొచ్చింది. "మేమూ ఒప్పుకోం" అని, బోర్డు పడిపోకుండా చేత్తో పట్టుకునే కూర్చుంది.

వాక్యం మర్నాడు పదింటి చర్చకు వెళ్ళింది.

"ఎవర్నడిగి మాట్లాడారు మీరు?" అని డైరెక్టరుగారు వరండాలో ఎగిరారు. "మీరు సంతకం పెట్టిన కాగితమే చదివాను సార్. రేపు కూడా నేనే కూర్చుంటాను" అంది. ఆయన కాగితం చూశారు, సంతకం చూశారు, దగ్గారు.

మధ్యాహ్నం భర్త ఫోన్. "సెలవు చీటీ ఇచ్చావా? అక్కావాళ్ళు రేపే వచ్చేస్తున్నారట."

"ఇవ్వలేదు. ఇవ్వను."

"అదేంటి? మొన్న అమ్మ అన్నప్పుడు నువ్వేం అనలేదుగా?"

"అనలేదు. సరే అని కూడా అనలేదు. మీ అక్కని రానివ్వండి, నాకూ ఇష్టమే. సెలవు మాత్రం మీరు పెట్టండి."

అటునుంచి చాలాసేపు మాట రాలేదు. ఆ మౌనాన్ని ఆమె ఒప్పుకోలుగా తీసుకోలేదు. "ఆలోచించుకుని సాయంత్రంలోగా చెప్పండి" అని ఫోన్ పెట్టేసింది.

ఏడేళ్ళు నిలిచాయా, ఐదుకు దిగాయా అన్నది తర్వాత వారాల కథ. ఆనాటి నివేదికలో 'ఇద్దరు ప్రతినిధులు అభ్యంతరం చెప్పారు' అని మాత్రమే ఉంది. మొదట బోర్డు నిలబెట్టినామె సంగతి ఇప్పుడు మీకు తెలుసు. ఎదురు వరుస చివరి కుర్చీలో, బోర్డును చేత్తో పట్టుకుని కూర్చున్న ఆ రెండో ఆవిడను కూడా దయచేసి గుర్తుపెట్టుకోండి.